రెండో టముకు

బూరుగుగూడెం నుంచి పారిపోయి జగ్గయ్యపేట సత్రంలో దిగిన నలభై కుటుంబాల్లో, దిగిన మర్నాటి పొద్దుటికే ఊరందరికీ తెలిసిపోయిన మనిషి సోమలచ్చి ఒక్కతే.

ఆమె చేసిన తప్పేమీ లేదు. సత్రం అరుగు మీద కూర్చున్న తాతను మజ్జిగ తాగుతావా అని అడిగింది. తాత పలకలేదు. ఎదురు మేడలోంచి ఎవరో "వద్దమ్మా, ఇప్పుడే కాఫీ తాగా" అని బదులిచ్చారు. సందు చివర పళ్లు తోముకుంటున్న ఇద్దరు, వేపపుల్లలు నోట్లో అలాగే ఉంచుకుని, ఎక్కడ ఏం జరిగిందోనని పరుగెత్తుకొచ్చారు.

సత్రం వ్యవహారం చూసుకునే సత్యనారాయణమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆవిడ బజార్లో టోకు కిరాణా వ్యాపారం చేసే కోటిలింగం గారి భార్య. ఏటికి అవతలి నుంచి జనం వస్తున్నారని తెలిసిన రోజే సత్రం తాళాలు బొడ్లో దోపుకుని, వచ్చిన వాళ్లకు బియ్యం కొలిచి ఇచ్చే పని తన నెత్తిన వేసుకుంది.

"ఏమ్మాయ్, ఎందుకట్లా అరుస్తున్నావు? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"అరుస్తలేనమ్మా. మెల్లగనే మాట్లాడుతున్న," అంది సోమలచ్చి.

అరుగు కింద పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయింది.

సోమలచ్చికి పదిహేడేళ్లు. తల్లీ తండ్రీ కలరా వచ్చిన ఏడు ఒకే వారంలో పోతే, తాత అచ్చయ్య పెంచాడు. అచ్చయ్యకు పుట్టుచెవుడు కాదు గానీ దానికి దగ్గర్లోనే ఉంటుంది. ఎనిమిదేళ్లప్పటి నుంచి ఆ పిల్ల పగలంతా జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని అదిలించేది, పొద్దుగూకాక ఇంటికొచ్చి తాతతో మాట్లాడేది. ఇంక ఆ గొంతు మెల్లగా అనే మాట ఎక్కడ నేర్చుకోవాలి?

మొన్న మాఘమాసంలో రజాకార్లు లారీలో వస్తుంటే ముందు చూసింది కూడా ఆమే. మంచె మీద నిలబడి ఒకే ఒక్క కేక వేసింది. ఊరు ఊరంతా కట్టుబట్టలతో చేలల్లో పడి, పాలేరు ఏరు దాటి, యూనియన్ నేల మీద కాలు పెట్టింది. వెనక్కి తిరిగి చూస్తే ఊళ్లోంచి పొగ లేస్తోంది. ఆ కేక లేకపోతే నలభై కుటుంబాల్లో ఎన్ని మిగిలేవో ఎవరూ చెప్పలేరు. అయితే సత్రంలో నాలుగు రోజులు ఆమె పక్కన పడుకున్నాక ఆ సంగతి అందరూ మరిచిపోయారు. నిద్రలో ఆమె పక్కకు తిరుగుతూ ఒక మాట అంటే పసిపిల్లలందరూ లేచి ఏడ్చేవారు.

తన వల్ల ఇంతమందికి ఇబ్బందని తెలిసి సోమలచ్చి సిగ్గుపడిపోయింది. ఇక నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకుంది. అన్నానికి పిలవాలంటే చేత్తో సైగ, బియ్యం కావాలంటే దోసిలి. మూడో రోజుకి అచ్చయ్యకు అనుమానం వచ్చింది. పిల్ల నోరు కదపడం లేదు. రజాకార్లను చూసిన భయానికి మాట పడిపోయిందని తీర్మానించుకుని, సత్రం నడిమధ్య కూలబడి గుండెలు బాదుకుంటూ ఏడవడం మొదలుపెట్టాడు. చెవిటివాడి ఏడుపు ఎంత పెద్దగా ఉంటుందో అతనికి తెలియదు కదా.

"నీకు మొక్కుతా, మాట్లాడు తల్లీ," అంది సత్యనారాయణమ్మ. "ఇద్దరిలో నువ్వే నయం."

సత్రంలో ఉంటేనే కదా ఈ గొడవ అని ఆవిడ ఇద్దర్నీ తన ఇంటికి తీసుకుపోయింది. అచ్చయ్యను కోటిలింగం గారి కొట్లో గోనెసంచుల మీద కూర్చోబెట్టింది. సోమలచ్చిని డాబా మీద ఎండబెట్టిన వడియాలకు కాపలా పెట్టింది. ఈ ఏర్పాటులో సగం బాగా కుదిరింది. ఏ మాట ఎవరి చెవిన పడుతుందోనని జీవితమంతా నోరు మూసుకుని బతికిన కోటిలింగం గారికి, ఎంత చెప్పినా ఒక్క ముక్క కూడా వినిపించని మనిషి దొరికాడు. సరుకు ఎక్కడ దాచాడో, బావమరిది అంటే తనకెందుకు పడదో, చిన్నప్పుడు ఏ అమ్మాయిని చేసుకోవాలనుకున్నాడో అన్నీ అచ్చయ్యకు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అచ్చయ్య నశ్యం పీలుస్తూ తల ఊపేవాడు. ఇద్దరికీ మహా స్నేహం అయిపోయింది.

రెండో సగమే కాస్త తేడా కొట్టింది. వడియాల మీద మొదటి కాకి వాలగానే సోమలచ్చి "హోయ్" అంది. కాకి పోయింది. వీధిలో పోతున్న జోడెడ్ల బండి కూడా పోయింది. ఎడ్లు బండిని ఈడ్చుకుపోయి కూరగాయల అంగడి మధ్యలో ఆపాయి. వంకాయలు కాలవలోకి దొర్లాయి. కోటిలింగం గారు చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి అందరికీ క్షమాపణలు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ సమయానికి మేడ కింద ప్రేమదాసు నిలబడి ఉన్నాడు. జగ్గయ్యపేటలో టముకు వేసేది అతనే. ఊళ్లో ఏ కబురు చాటాలన్నా మెడకు టముకు తగిలించుకుని వీధి వీధికీ తిరుగుతాడు. ఏటి అవతలి జనం వచ్చినప్పటి నుంచి పని నాలుగింతలైంది. బియ్యం ఎప్పుడు ఇస్తారు, ఎవరి ఎద్దు దొరికింది, ఎవరి పిల్ల తప్పిపోయింది, అన్నీ అతనే చాటాలి. అరిచి అరిచి వారం కిందట గొంతు పూడుకుపోయింది. ఇప్పుడు అతను చాటితే అరుగు మీది వాళ్లు లేచి దగ్గరికి వచ్చి, చెవి ఒగ్గి వినాల్సి వస్తోంది.

అతను బండి పోయిన దిక్కు చూడలేదు. తలెత్తి డాబా వైపే చూస్తున్నాడు.

"అమ్మాయిగోరూ," అన్నాడు బొంగురుగా. "అది మీ గొంతేనా, లోపల ఏదన్నా మిషనుందా?"

"నా గొంతే. ఏం జెయ్యాలె మరి," అంది సోమలచ్చి ఏడుపు ముఖంతో.

"ఏం చెయ్యొద్దండి. కిందికి దిగి, ఒక్క మాట నేను చెప్పినట్టు చెప్పండి. సాయంత్రం సత్రం కాడ బియ్యం ఇస్తారు, చీటీలు తెచ్చుకోండి, అంతే."

ప్రేమదాసు టముకు మోగించాడు. సోమలచ్చి ఎదురింటి అరుగెక్కి, కళ్లు మూసుకుని, చేలో ఉన్నాననుకుని కేక వేసింది.

"ఇనుండ్రి, ఇనుండ్రి. పొద్దుగూకే యాళ్లకు సత్రం కాడ బియ్యమిస్తరట. చీటీలు పట్టుకొని రాండ్రి. ఇననోళ్లకు ఇన్నోళ్లు చెప్పుండ్రి."

ఇన్నాళ్లూ ప్రేమదాసు చాటింపు విని కూడా తమకు కాదనుకుని ఊరుకున్న కాందిశీకులు, తమ ఊరి మాట వినబడేసరికి గుడిసెల్లోంచి, పశువుల పాకల్లోంచి, చెట్ల కిందినుంచి బయటికి వచ్చారు. చెరువుకట్ట మీద ఉన్నవాళ్లు కూడా వచ్చారు. పేట వాళ్లు మాత్రం 'పొద్దుగూకే యాళ్ల' అంటే ఏమిటని ఒకళ్లనొకళ్లు అడుగుతూ, నవ్వుతూ, మొత్తానికి విన్నారు.

ప్రేమదాసు అటూ ఇటూ చూసి లెక్క వేసుకున్నాడు. "నాలుగు వీధులు తిరగాల్సింది, ఇక్కడే అయిపోయింది," అన్నాడు. అంతలోనే అతని ముఖం చిన్నబోయింది. అది సోమలచ్చి కనిపెట్టింది.

"నాకు కొట్టుడు రాదు మామా. నువ్వు కొట్టు, నేను పిలుస్త," అంది.

ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసి తిరిగారు. పెళ్లి కావలసిన కాపు పిల్ల టముకు వాడి వెంట వీధులు పట్టుకుని తిరగడమేమిటని సత్రంలో నలుగురు నాలుగు మాటలన్నారు. సత్యనారాయణమ్మ బియ్యం కొలుస్తూ అవన్నీ విన్నది.

"నిన్న పుష్పవతి మొగుడు దొరికింది ఎవరి వల్ల? మీ మర్యాద వల్ల దొరికాడా?" అని అడిగింది.

అది నిజమే. పుష్పవతి అనే ఇల్లాలు ఏరు దాటేటప్పుడు భర్త చెయ్యి వదిలేసింది. నెల రోజులుగా అతను పోయాడనుకుని ఏడుస్తోంది. సోమలచ్చి సంతలో అతని పేరూ, ఊరూ, పెదవి మీది గాటూ కలిపి కేక వేస్తే, ఎడ్ల బేరం దగ్గరున్న ఒకాయన కీసరలో కంకర కొడుతున్న వాళ్లలో అలాంటి మనిషి ఉన్నాడని చెప్పాడు. మూడో రోజున అతను వచ్చాడు. భార్యను చూసి మొదట అన్న మాట, "నా గాటు గురించి ఊరంతటికీ చాటియ్యాల్నా?" అని.

ఈ కబురు నందిగామ దాకా పోయింది. అక్కడ సహాయ సంఘానికి పెద్ద వీరరాఘవయ్య గారు. వైశాఖంలో ఆయన అన్ని శిబిరాల వాళ్లనూ కూడగట్టి సభ పెట్టాడు. తప్పిపోయిన వాళ్ల పేర్లు పిలవడానికి సోమలచ్చిని పంపమని సత్యనారాయణమ్మకు కబురు చేశాడు. సోమలచ్చీ ప్రేమదాసూ బొగ్గుతో నడిచే బస్సెక్కి, ఎక్కడానికి ముందు రెండు మైళ్లు దాన్ని తోసి, మసి ముఖాలతో నందిగామలో దిగారు.

బెజవాడ నుంచి జ్ఞానప్రసూనాంబ గారు వచ్చింది. జైలుకు వెళ్లి వచ్చిన మనిషి, పెద్ద చదువరి. ఆవిడ కోసమని మైకు సెట్టు కూడా తెప్పించారు. ప్రార్థన గీతం దాకా అది బాగానే పలికింది. ఆ తర్వాత తోక తొక్కిన పిల్లిలా ఒకసారి అరిచి, బ్యాటరీ చల్లబడి, నోరు మూసుకుంది. ఆవిడది సన్నటి గొంతు. ఎదురుగా మూడు వేల మంది.

వీరరాఘవయ్య గారు చుట్టూ చూసి సోమలచ్చిని వేదిక ఎక్కించాడు. "అమ్మగారు చెప్పింది నువ్వు జనానికి అందించు. చాలు."

జ్ఞానప్రసూనాంబ గారు గొంతు సవరించుకుంది. "శరణార్థి సోదరీ సోదరులారా, స్వస్థానచ్యుతులై, దుర్భర క్లేశములకు లోనై, ఇచటికి విచ్చేసిన మిమ్ములను గాంచి నా హృదయము ద్రవించుచున్నది."

సోమలచ్చి ఒక్క క్షణం ఆలోచించింది.

"ఇండ్లు వాకిళ్లు ఇడిచి వచ్చిన మిమ్ముల జూస్తే అమ్మకు ఏడుపొస్తున్నదట."

జనంలో చివరి వరస దాకా తలలు ఊగాయి. జ్ఞానప్రసూనాంబ గారు ఇంకా ఉత్సాహంగా హిమవత్పర్వతం దగ్గర మొదలుపెట్టి, గంగాప్రవాహం మీదుగా, తుఫానుకు వంగని మహావృక్షాల దాకా ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది.

"కొండలు, నదులు, చెట్లు, ఇంకా శానా పెద్దయి చెప్పింది," అంది సోమలచ్చి. "మనం గట్టిగుండాలంట."

నవ్వులు మొదలయ్యాయి. జ్ఞానప్రసూనాంబ గారు కళ్లద్దాలు తీసి ఆమె వైపు తిరిగింది.

"అమ్మాయీ, నేను చెప్పినదాంట్లో నువ్వు సగం మింగేస్తున్నావు."

సోమలచ్చి ఆవిడ చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకూడదని, తనకు చేతనైనంత గుట్టుగా చెప్పింది. "మింగలేదమ్మా. నువ్వే ఒక్కటే మాట మూడుసార్లు చెప్పినవ్."

మూడు వేల మందికీ వినిపించింది. వీరరాఘవయ్య గారు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. జ్ఞానప్రసూనాంబ గారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, చివరికి తనే పకపకా నవ్వేసింది. ఆ తర్వాత ఆవిడ మాటలు పొట్టిగా, తేటగా వచ్చాయి. ఒక మాట ఆవిడ, ఒక మాట ఈమె. ముగించే ముందు ఆవిడ సోమలచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"నా మాటలు చాలు. మీ వాళ్లకు ఏం కావాలో నువ్వే చెప్పమ్మా."

తన మాట తను చెప్పాలనేసరికి సోమలచ్చి ప్రేమదాసు కోసం వేదిక కిందికి చూసింది. సత్రంలో నలభై కుటుంబాలూ మూడే పాత్రల్లో వంతులు వేసుకుని వండుకోవడం, చివరి వంతు వాళ్లు తినేసరికి మధ్యాహ్నం దాటిపోవడం కళ్లముందు మెదిలాయి.

"మాకు గంజుల్లేవు," అంది. "గంజుల్లేక పిల్లలు ఆకలికి ఏడుస్తుండ్రు. నందిగామ తల్లులారా, ఇంటికొక్క గంజు ఇయ్యిండ్రి. మీ పేరు చెప్పుకొని బతుకుతం."

ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. తన మాట ఇంతగా తగిలిందా అని సోమలచ్చికే ఆశ్చర్యం వేసింది.

మర్నాడు పొద్దు వాలుతుండగా జగ్గయ్యపేట సత్రం ముందు ఎనిమిది బండ్లు ఆగాయి. మొదటి బండిలోంచి వీరరాఘవయ్య గారి భార్య సీతారావమ్మ దిగింది. చీర కుచ్చిళ్లన్నీ తడిసి అట్టకట్టి ఉన్నాయి. వెనక పెద్ద ఇత్తడి గుండిగ, మూతికి గుడ్డ కట్టి ఉంది. బండి చక్రాల నుంచి తెల్లగా ఏదో కారుతోంది.

"సగం దారిలోనే ఒలికిపోయిందమ్మా," అంది ఆవిడ నొచ్చుకుంటూ. "ఉన్నది ముందు పిల్లలకు పట్టండి. కొంచెం పులిసింది కూడా."

సోమలచ్చి గుడ్డ విప్పి చూసింది. నిండా గంజి. రెండో బండిలో గంజి. ఎనిమిది బండ్లలోనూ కుండల్లో, బిందెల్లో, తపేలాల్లో, ఒకచోట నీళ్లు కాచుకునే కాగులో కూడా గంజే.

"ఇంత గంజి ఎందుకు తెచ్చినవమ్మా?"

"నువ్వే కదమ్మా, గంజి లేక పిల్లలు ఏడుస్తున్నారని మైకు లేకుండా మూడు వేల మందికి చెప్పావు. మా ఊళ్లో నిన్న ఒక్క ఇంట్లోనూ ముద్ద దిగలేదు."

"గంజి కాదమ్మా. గంజు. అన్నం వండుకునే గంజు," అంటూ సోమలచ్చి పరుగెత్తుకెళ్లి, మసిపట్టిన సత్రం గిన్నె తెచ్చి చూపించింది.

సీతారావమ్మ ఆ గిన్నె వైపు చూసింది, బండ్ల వైపు చూసింది, తన కుచ్చిళ్ల వైపు చూసుకుంది. బండి నొగ మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. ఆవిడను చూసి బండ్లు తోలుకొచ్చిన వాళ్లు నవ్వారు. సత్యనారాయణమ్మ అయితే తలుపు పట్టుకుని నిలబడలేకపోయింది.

"సరే," అంది సీతారావమ్మ తేరుకున్నాక. "గంజి తాగెయ్యండి, గిన్నెలు ఉంచేసుకోండి. ఇంక నేను ఈ గిన్నెలు వెనక్కి మోసుకుపోలేను."

సత్రంలో మూడు రోజులు గంజి తాగారు. నాలుగో రోజు నుంచి పిల్లలు తెల్లటిది ఏది కనిపించినా పారిపోయేవారు. నందిగామ నుంచి ఒకావిడ మాత్రం, అది మా అమ్మ పెట్టిన సారె బిందె అంటూ వెతుక్కుంటూ వచ్చి, మట్టికుండ ఇచ్చి దాన్ని తీసుకుపోయింది. మిగతా గిన్నెలు అక్కడే ఉండిపోయాయి. కుటుంబానికో పొయ్యి వెలిగింది. సోమలచ్చి బజారుకు వెళితే జనం పేరు పెట్టి పిలవడం మొదలైంది. కూరగాయల అంగడి వాళ్లు కూడా పలకరించారు. ఎడ్లను మాత్రం కాస్త పక్కకు పట్టుకునేవారు.

భాద్రపదంలో యూనియన్ సైన్యం ఆ దారినే ఏటి అవతలికి పోయింది. నాలుగైదు రోజులు లారీల మోత. ఒక సాయంత్రం కోటిలింగం గారు రేడియో ఉన్న స్నేహితుడి ఇంటి నుంచి ఉత్తరీయం జారిపోతున్నా చూసుకోకుండా వచ్చాడు. నైజాం లొంగిపోయాడట. ఊరంతా నడిబజార్లో చేరింది. ఈ కబురు సోమలచ్చే చాటాలన్నారు. ప్రేమదాసు టముకు మోగించి ఆపాడు.

సోమలచ్చి అరుగెక్కి నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. మంచె మీద నుంచి చూసిన లారీ, వెనక లేచిన పొగ, ఏట్లో చేతులు పట్టుకుని దిగిన జనం అన్నీ గొంతులో అడ్డం పడ్డాయి. ప్రేమదాసు ఆమె ముఖం చూశాడు. టముకు ఇంకోసారి కొట్టి, తన బొంగురు గొంతుతోనే, "నైజాం లొంగిపోయాడయ్యా, ఇళ్లకు పోవచ్చు," అన్నాడు. ముందు వరస వాళ్లు వెనక వాళ్లకు చెప్పారు. అప్పుడు సోమలచ్చికి ఏడుపు వచ్చింది. అది మామూలుగానే వచ్చింది. నాలుగు వీధుల అవతల ఇంకా కబురు తెలియని వాళ్లు ఎవరో పెద్దవాళ్లు పోయారనుకుని పొయ్యిలార్పుకుని బయల్దేరి వచ్చారు.

కుటుంబాలు ఒక్కొక్కటే గిన్నెలు సర్దుకుని బండ్లెక్కాయి. సోమలచ్చీ తాతా కూడా బూరుగుగూడెం వెళ్లారు. ఇంటికి కప్పు లేదు, గోడలు వానకు కరిగిపోయాయి. చేను మాత్రం ఉంది, కలుపు నిండి. అచ్చయ్య గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. వారం రోజులుండి దున్ని, జొన్న చల్లాడు. చల్లడం అయిన మర్నాడు మూట కట్టాడు.

"యాడికి తాతా?" అని అడిగింది సోమలచ్చి.

"పేటకు. కోతకు మళ్లొస్తం."

"ఇది మన ఊరు గదా."

"మన ఊరే. కాదన్ననా?" అన్నాడు అచ్చయ్య. "గాని ఈడ నాతోటి మాట్లాడేటోడు ఎవడున్నడు? కోటిలింగం ఒక్కడే ఉన్నడు ఆడ, పాపం."

సరిహద్దు చౌకీలు పోయాక పేట పొద్దుటి నడక దూరమే. సోమలచ్చికి అంతకంటే కారణం అక్కర్లేకపోయింది. తనకూ అటే మనసు లాగుతోందని చెప్పడానికి సిగ్గుపడి, తాత మాట కాదనలేక వస్తున్నట్టు ముఖం పెట్టి మూట నెత్తికెత్తుకుంది.

పేటలో సత్యనారాయణమ్మ పంచాయతీ బోర్డు వాళ్లను నిలవనివ్వలేదు. ఆరు నెలలు ఊరి చాటింపులన్నీ చేసిన పిల్లకు పని ఇవ్వాలంది. బోర్డు వాళ్లు సరేనన్నారు. గుమాస్తా వెంకటకృష్ణారావు గారు మాత్రం రిజిస్టరు తెరిచి కూర్చుని ఇబ్బందిపడ్డాడు.

"ఇందులో గొంతుకు ఉద్యోగం లేదండి. టముకు అని ఉంది. అమ్మాయికి టముకు కొట్టడం రాదు."

"రెండో టముకని రాయండి బాబూ," అన్నాడు ప్రేమదాసు గుమ్మం దగ్గర నుంచి.

ఆయన రిజిస్టరు ముందుకీ వెనక్కీ తిప్పాడు. కాదనడానికి రూలేదీ దొరకలేదు. రాశాడు.

"ఊరు?"

"బూరుగుగూడెం," అంది సోమలచ్చి. కాస్త ఆగి, "పేట," అంది.

"ఏదో ఒకటి చెప్పాలమ్మా. ఒక్క గడే ఉంది."

ఆమె ఎంతకీ తేల్చుకోలేకపోయింది. ఆయన విసుగెత్తి రెండూ సన్న అక్షరాలతో ఒకే గడిలో ఇరికించాడు. ఆమె వేలిముద్ర వేసింది.

బోర్డు తరపున ఆమె చాటిన మొదటి కబురు కలరా సూదుల గురించి. సూది మాట వింటేనే తలుపులు వేసుకునే ఊరది. ఆ రోజు సోమలచ్చి మామూలు చాటింపు చెప్పి, తర్వాత టముకు ఆపించి, తన అమ్మానాన్నలు ఒకే వారంలో ఎట్లా పోయారో రెండే రెండు మాటల్లో చెప్పింది. సాయంత్రానికి సత్రం దగ్గర వరస కట్టారు. అందరికంటే ముందు అచ్చయ్య నిలబడ్డాడు. ఆయన మాత్రం బియ్యం ఇస్తున్నారనుకుని సంచి తెచ్చుకున్నాడు.